పది తర్వాత గవర్నమెంట్ కాలేజీలో ఇంటర్ ఒకేషనల్, ఎలక్ట్రికల్ టెక్నీషియన్ చేర్పించొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. బాబు పది పాసయ్యాడు, మార్కులు మరీ తక్కువా కాదు, మరీ ఎక్కువా కాదు. వాడికి మోటార్లు, వైర్లు అంటే పిచ్చి, పక్క టౌన్లో గవర్నమెంట్ జూనియర్ కాలేజీలో ఒకేషనల్ సైడు ఎలక్ట్రికల్ టెక్నీషియన్ చేరతానంటున్నాడు. ఇంట్లో ఎంపీసీ అంటున్నారు, మీ బావమరిది ఐటీఐ అంటున్నాడు, ఊళ్ళో వాళ్ళేమో ఒకేషనల్ అంటే చదువు రానోళ్ళ కోర్సు అంటున్నారు. అసలు ఈ ఒకేషనల్ ఎప్పట్నుంచి ఉంది, అందులో ఏమేం కోర్సులున్నాయి, రేపు ఉద్యోగానికి గానీ పై చదువుకి గానీ దారి ఉంటదా అని.

ముందు జవాబు చెప్పేస్తా. చేర్పించండి. కాకపోతే రెండేళ్ళ కోర్సు అనుకోవద్దు, మూడేళ్ళ కోర్సు అనుకుని చేర్పించండి. రెండేళ్ళు కాలేజీ, ఆ రెండేళ్ళలోనే పక్కన పై చదువులకి దారిచ్చే బ్రిడ్జ్ కోర్సు, ఆ తర్వాత ఒక ఏడాది స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకునే అప్రెంటిస్‌షిప్. ఈ మూడూ ఉంటే అది గట్టి చదువు. మొదటిది ఒక్కటే చేసి ఆగిపోతే మటుకు చేతిలో ఒక మెమో తప్ప ఏం మిగలదు, ఊళ్ళో వాళ్ళ మాట నిజమైనట్టు కనపడతది. ఒక సందర్భంలో మాత్రం నేను గట్టిగా వద్దంటా, బాబు మనసులో రైల్వే లోకో పైలట్ ఉద్యోగం ఉంటే. ఎందుకో కింద చెప్తా.

నేను కోస్తా ఆంధ్రాలో గవర్నమెంట్ జూనియర్ కాలేజీల్లో ఒకేషనల్ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను, చెప్పింది ఎక్కువగా ఈ ఎలక్ట్రికల్ కోర్సే. కాబట్టి మిగతా కోర్సుల సంగతి పక్క ల్యాబుల్లో చూసిందీ, పిల్లల ద్వారా తెలిసిందీ, ఇది మాత్రం చేత్తో చేయించింది.

ముందు మార్కుల లెక్క చూడండి, దాంట్లోనే కోర్సు స్వభావం తెలిసిపోతది. ఏడాదికి 500, రెండేళ్ళకి కలిపి 1000 మార్కులు. ఇంగ్లీషు 50, జీఎఫ్‌సీ అని జనరల్ ఫౌండేషన్ కోర్సు 50, మూడు థియరీ పేపర్లు 50 చొప్పున, మూడు ప్రాక్టికల్స్ 50 చొప్పున, ఓజేటీ అంటే బయట పని చేసే చోటికి పంపించి నేర్పే ట్రైనింగ్‌కి 100. అంటే 500లో 250, సరిగ్గా సగం, చేత్తో చేసే పనికే. ఎంపీసీలో ఇది ఊహించలేం కదండీ.

ఫస్ట్ ఇయర్‌లో వైరింగ్ బోర్డు మీద మొదలుపెడతాం. ఒక లైటు ఒక స్విచ్, తర్వాత మెట్ల దగ్గర పైనుంచీ కిందనుంచీ వేసి ఆపే స్టెయిర్‌కేస్ వైరింగ్, గోడౌన్ వైరింగ్, ట్యూబ్‌లైట్ కనెక్షన్, ఎర్తింగ్, మెగ్గర్ అనే మీటరుతో ఇన్సులేషన్ చూడటం. సెకండ్ ఇయర్‌కి వచ్చేసరికి మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు. సీలింగ్ ఫ్యాను కాయిల్ చుట్టడం, సింగిల్ ఫేజు పంపు మోటారు విప్పి స్లాట్లు లెక్కపెట్టి మళ్ళీ చుట్టడం, మోటారుని స్టార్ట్ చేసే డీఓఎల్ స్టార్టర్, స్టార్ డెల్టా స్టార్టర్ డబ్బాల కనెక్షన్లు. మీది బోర్ల మీద బతికే ఏరియా కాబట్టి మీకు తెలిసే ఉంటది, ఎండాకాలం వచ్చిందంటే మోటార్లు ఎందుకు కాలతాయో. వోల్టేజీ పడిపోతే మోటారు అదే నీళ్ళు ఎత్తాలి కాబట్టి కరెంటు ఎక్కువ లాగుద్ది, వైండింగ్ వేడెక్కుద్ది. ఇంకోటి, త్రీ ఫేజులో ఒక ఫేజు పోయినా మోటారు ఆగకుండా మిగతా రెండిటి మీద మూలుగుతూ తిరుగుతది, కాసేపట్లో వైండింగ్ మాడిపోద్ది. అందుకే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ పెట్టమనేది. నా క్లాసులో రైతు బిడ్డలకి ఈ ఒక్క పాఠం చెప్తే ఆ వారమే ఇంటికెళ్ళి వాళ్ళ స్టార్టర్ డబ్బా తెరిచి చూసుకునేవాళ్ళు. చెప్పిన పాఠం సాయంత్రానికి పొలంలో పనికొచ్చే చదువు ఇంకెక్కడుందో చెప్పండి. నాకు ఈ కోర్సు మీద ప్రేమ అక్కడే పుట్టింది.

ఇక ఎప్పట్నుంచి ఉందీ అన్నదానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఈ చరిత్రకీ మీ బాబు రేపు పెట్టుకునే ఉద్యోగం అప్లికేషన్‌కీ నేరుగా సంబంధం ఉంది.

చేతిపనితో చదువు అనే మాట 1937లో వార్ధాలో గాంధీగారు నయీ తాలీం అన్నప్పట్నుంచీ ఉన్నదే. స్వతంత్రం వచ్చాక 1952-53లో ముదలియార్ కమిషన్ మల్టీపర్పస్ హైస్కూళ్ళు పెట్టమంది. మీ నాన్నగారి వయసు వాళ్ళని అడిగితే కొన్ని పాత ఊళ్ళలో మల్టీపర్పస్ స్కూల్ అనే పేరు గుర్తు చేసుకుంటారు, అక్కడ మామూలు చదువుతో పాటు వ్యవసాయమో, ఇంజినీరింగో, కామర్సో ఒక పాయగా ఉండేది. అవి నిలబడలేదు, కారణం ఇప్పటికీ మనకున్నదే, పరికరాలు కొన్నారు గానీ చెప్పే మనుషుల్ని సరిగా పెట్టలేదు. తర్వాత కొఠారి కమిషన్ 1964-66లో పది తర్వాత చదివే పిల్లల్లో సగం మంది ఏదో ఒక వృత్తివిద్యలో ఉండాలి అని రాసింది. మన రాష్ట్రంలో పీయూసీ అనే ఒక ఏడాది చదువు పోయి 1969-70లో రెండేళ్ళ ఇంటర్ వచ్చింది, 1971లో ఇంటర్ బోర్డు వచ్చింది. 1978లో ఆదిశేషయ్య కమిటీ ప్లస్ టూలో, అంటే పది తర్వాతి రెండేళ్ళలో, వృత్తివిద్య ఎలా ఉండాలో చెప్పింది. మన దగ్గర డెబ్బైల చివర్లో ఒకేషనల్ చిన్నగా మొదలైంది గానీ నిజంగా ఊపు వచ్చింది 1986 జాతీయ విద్యా విధానం తర్వాతే. 1990కల్లా ప్లస్ టూ పిల్లల్లో 10 శాతం, 1995కల్లా 25 శాతం ఒకేషనల్‌లో ఉండాలని అందులో టార్గెట్ పెట్టారు. 1988లో కేంద్రం డబ్బులిచ్చే స్కీము మొదలైంది, షెడ్లు, పరికరాలు, పుస్తకాలు, లెక్చరర్ల జీతాలు అన్నిటికీ. టార్గెట్టు అందలేదు, 1992లో దాన్ని 1995కి 10, 2000కి 25 అని వెనక్కి జరిపారు, అదీ అందలేదు. 2020 విద్యా విధానంలో మళ్ళీ 2025కల్లా 50 శాతం మందికి వృత్తివిద్య పరిచయం కావాలని రాశారు. ఇన్నిసార్లు రాసుకున్నారంటే అవసరం లేక కాదండీ, అవసరం అందరికీ తెలుసు, ఖర్చు పెట్టి లెక్చరర్ని కూర్చోబెట్టే దగ్గరే ఆగిపోతంది.

1988 స్కీములో ఒక మంచి సంగతి ఉండేది. కోర్సు పెట్టే ముందు ఆ జిల్లాలో ఏ పనులున్నాయి, ఎంతమందికి ఉపాధి దొరుకుద్ది అని సర్వే చేయాలి. చేపల చెరువులున్న చోట ఫిషరీస్, పట్టుపురుగులు పెంచే చోట సెరికల్చర్, మోటార్లున్న చోట రివైండింగ్. ఈ లెక్కన పెట్టిన కోర్సులు బాగా నడిచాయి, బిల్డింగ్ ఖాళీగా ఉందని పెట్టిన కోర్సులు మూతపడ్డాయి.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఎలక్ట్రికల్ కోర్సు పేరు మధ్యలో చాలాసార్లు మారింది. ఒకప్పుడు ఎలక్ట్రికల్ డొమెస్టిక్ అప్లయన్సెస్ అండ్ రివైండింగ్, పిల్లలు ఈడీఏఆర్ అనేవాళ్ళు. ఇంకోటి ఎలక్ట్రికల్ వైరింగ్ అండ్ కాంట్రాక్టింగ్. మరోటి ఎలక్ట్రికల్ వైరింగ్ అండ్ సర్వీసింగ్ ఆఫ్ ఎలక్ట్రికల్ అప్లయన్సెస్. ఇప్పుడున్నది ఎలక్ట్రికల్ టెక్నీషియన్, ఈటీ. 2019లో మన రాష్ట్రంలో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ కంపెనీలు, ఎనర్జీ అసిస్టెంట్లు, అంటే జూనియర్ లైన్‌మన్ గ్రేడ్ టూ పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చాయి. అర్హత ఏమని రాశారంటే పదో తరగతితో పాటు ఐటీఐలో ఎలక్ట్రికల్ గానీ వైర్‌మన్ గానీ, లేదా రెండేళ్ళ ఇంటర్ ఒకేషనల్ ఎలక్ట్రికల్, అని రాసి పక్కన నేను పైన చెప్పిన ఈ నాలుగు పేర్లూ వరసగా పెట్టారు. ఆ నాలుగు పేర్లలో ఒకటి మెమో మీద ఉన్నోడు అప్లై చేశాడు, దగ్గర్లో ఉన్న వేరే కోర్సు చదివినోడు, ఉదాహరణకి ఎలక్ట్రానిక్స్ చదివినోడు, పని వచ్చినా చేయలేకపోయాడు. అందుకే కాలేజీలో చేరేటప్పుడు కోర్సు పేరు అచ్చంగా ఏమని ఉందో చూడండి. మీ బాబు చెప్పింది ఎలక్ట్రికల్ టెక్నీషియన్ కాబట్టి సరిపోయింది.

ఆ 2019 సెలెక్షన్లలో మార్కులతో పాటు స్తంభం ఎక్కడం, మీటర్ రీడింగ్, సైకిల్ తొక్కడం కూడా చూశారు. నా దగ్గర చదివిన పిల్లలు కొందరు అలా సెలెక్ట్ అయ్యి ఇప్పుడు సచివాలయాల్లో పని చేస్తన్నారు. అందులో ఒకడు క్లాసులో ఇంగ్లీషు పేపరంటే వణికేవాడు, ప్రాక్టికల్ మాత్రం మొత్తం బ్యాచ్‌లో ముందు వాడే ముగించేవాడు, తీగ ఎక్కడ వదులుగా ఉందో చేతివేలితో చెప్పేవాడు. వాడికి ఎంపీసీ ఇచ్చి ఉంటే ఇంటర్ దగ్గరే ఆగిపోయేవాడని నేను గట్టిగా నమ్ముతా. తెలంగాణలో కూడా జూనియర్ లైన్‌మన్ నోటిఫికేషన్లలో ఐటీఐతో పాటు ఇంటర్ ఒకేషనల్ ఎలక్ట్రికల్‌ని తీసుకుంటారు. అన్నట్టు ఆడపిల్లల సంగతి కూడా ఎవరైనా చదువుతుంటే చెప్తన్నా, అక్కడ 2020 చివర్లో హైకోర్టు ఆదేశంతో అమ్మాయిలకి కూడా స్తంభం ఎక్కే పరీక్ష పెట్టారు, ఎక్కారు, ఉద్యోగంలో చేరారు. కాబట్టి ఈ కోర్సు మగపిల్లలదే అనుకోవద్దు.

ఐటీఐనా, ఒకేషనలా, పాలిటెక్నికా అని మీ బావమరిదితో గొడవ నడుస్తంది కదా, నా అభిప్రాయం ఇదీ.

ఐటీఐ ఎలక్ట్రీషియన్ కూడా రెండేళ్ళే. అక్కడ వర్క్‌షాపు గంటలు ఎక్కువ, ఎన్‌సీవీటీ సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతది. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ లాంటి పోస్టులకి పదితో పాటు ఐటీఐ గానీ, యాక్ట్ అప్రెంటిస్ అంటే అప్రెంటిస్ చట్టం కింద చేసిన ట్రైనింగ్ గానీ, డిప్లొమా గానీ అడుగుతారు, ఇంటర్ ఒకేషనల్‌ని ఐటీఐకి సమానంగా తీసుకోరు. పైన మినహాయింపు అన్నది ఇందుకే. బాబు కల రైల్వే అయితే ఐటీఐకే పంపండి, మీ బావమరిది మాట వినండి. కానీ ఐటీఐ వాడికి ఇంటర్ పాసైన సర్టిఫికెట్ దానంతటది రాదు, ఒకేషనల్ వాడికి చేతిలో ఇంటర్ ఉంటది. పోలీస్ కానిస్టేబుల్ లాంటి పోస్టులకి ఇంటర్ పాస్ అని అడిగే చోట ఇది ఇంటరే, ఇందులో అనుమానం లేదు. బీఏ, బీకాం లాంటి డిగ్రీలకి కూడా నేరుగా వెళ్ళొచ్చు.

పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్ళు, పాలిసెట్ అనే ఎంట్రన్స్ రాయాలి, తర్వాత ఈసెట్ అనే ఇంకో ఎంట్రన్స్ రాస్తే బీటెక్ సెకండ్ ఇయర్‌లోకి వెళ్ళొచ్చు, డిస్కంలో సబ్ ఇంజినీర్ పోస్టుకి డిప్లొమా కావాలి. బాబుకి లెక్కలు బాగా వస్తే, పాలిసెట్‌లో మంచి గవర్నమెంట్ పాలిటెక్నిక్‌లో ట్రిపుల్‌ఈ అంటే ఎలక్ట్రికల్ బ్రాంచి సీటు వస్తే నేను దానికే మొగ్గుతా, దాచుకోవడం ఎందుకు. సీటు రాకపోతేనో, లెక్కల్లో కొంచెం టైము కావాల్సిన పిల్లోడైతేనో ఒకేషనల్ మంచి దారి, ఎందుకంటే ఇటునుంచి కూడా అటు వెళ్ళొచ్చు. అదే బ్రిడ్జ్ కోర్సు.

బ్రిడ్జ్ కోర్సు అంటే ఏంటంటే, ఒకేషనల్ పిల్లలకి మామూలు సైన్సు గ్రూపు సబ్జెక్టులు ఉండవు కాబట్టి, పై చదువులకి ఆ లోటు పూడ్చటానికి బోర్డు విడిగా పెట్టే పేపర్లు. ఇంజినీరింగ్ వైపు కోర్సులకి మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ల్యాబ్ టెక్నీషియన్ (ఎంఎల్‌టీ) లాంటి వాటికి బయాలజీ వైపు. ఇది తప్పనిసరి కాదు, ఇష్టమున్నవాళ్ళు ఫీజు కట్టి రాస్తారు. ఈ ఇష్టం అనే మాట దగ్గరే సగం మంది పిల్లలు జారిపోతారు. బ్రిడ్జ్ పాసైతే ఇంజినీరింగ్ సంబంధమైన ఒకేషనల్ వాళ్ళు బీటెక్ ఎంట్రన్స్ ఈఏపీసెట్ రాయొచ్చు, పాలిటెక్నిక్‌లో సంబంధిత బ్రాంచిలో నేరుగా సెకండ్ ఇయర్‌లో చేరే అడ్మిషన్లకి పోవచ్చు, బీఎస్సీకి పోవచ్చు. బ్రిడ్జ్ లేకపోతే ఈ మూడు తలుపులూ మూసుకుంటాయి. నా దగ్గర చదివిన ఒకబ్బాయి, వైరింగ్‌లో మెరిక, బ్రిడ్జ్ క్లాసులు కాలేజీ టైము కాకుండా పొద్దున్నే పెడతారు, బస్సు దొరకదని మానేశాడు. రెండేళ్ళు కాంట్రాక్టర్ దగ్గర పని చేశాక డిప్లొమా చేయాలని తెలివొచ్చింది, అప్పుడు మళ్ళీ ఫీజు కట్టి, మర్చిపోయిన మ్యాథ్స్ ఎవరో ట్యూషన్ చెప్తే చదివి పాసయ్యి వెళ్ళాడు. వెళ్ళాడు, ఇప్పుడు బాగున్నాడు, కానీ ఆ కష్టం ముందే పడి ఉంటే అంత నలిగేవాడు కాదు. కాబట్టి మీ బాబు ఫస్ట్ ఇయర్ ఫస్ట్ రోజునుంచే బ్రిడ్జ్ క్లాసులకి కూర్చోవాలి. కాలేజీలో బ్రిడ్జ్ చెప్పే ఏర్పాటు లేకపోతే అదే కాలేజీలో ఎంపీసీకి చెప్పే మ్యాథ్స్ లెక్చరర్ గారిని మీరే వెళ్ళి బతిమాలండి, గవర్నమెంట్ కాలేజీల్లో అడిగితే కాదనే మాస్టార్లు తక్కువ.

మూడో ఏడాది సంగతి. 1961 అప్రెంటిస్ చట్టాన్ని 1986లో సవరించి ఒకేషనల్ చదివినవాళ్ళని కూడా అందులోకి తెచ్చారు, టెక్నీషియన్ ఒకేషనల్ అప్రెంటిస్ అంటారు. మన దక్షిణాది రాష్ట్రాలకి చెన్నైలో ఉన్న బోర్డ్ ఆఫ్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ దీన్ని చూస్తది. ఒక ఏడాది ఫ్యాక్టరీలోనో, డిస్కంలోనో, ప్రభుత్వ రంగ సంస్థలోనో పెడతారు, నెలకి స్టైపెండ్ ఇస్తారు, కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం భరిస్తది. 2019 నిబంధనల్లో ఒకేషనల్ వాళ్ళకి నెలకి కనీసం 7,000 అని ఉండేది, డిప్లొమా వాళ్ళకి 8,000, డిగ్రీ వాళ్ళకి 9,000. నాట్స్ పోర్టల్‌లో, అంటే కేంద్రం నడిపే అప్రెంటిస్‌షిప్ వెబ్‌సైట్‌లో, పేరు నమోదు చేసుకోవాలి. డబ్బులు చూసి ఇది చిన్నదనుకోవద్దు. ఒక పెద్ద సబ్‌స్టేషన్‌లోనో, ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లోనో ఏడాది ఉన్న పిల్లోడికీ, నేరుగా బయటికొచ్చిన పిల్లోడికీ తేడా ఇంటర్వ్యూలో కూర్చోగానే తెలిసిపోద్ది. ఏడాది చివర వచ్చే సర్టిఫికెట్ చాలా చోట్ల ఎక్స్‌పీరియన్స్ లాగా పనికొస్తది. ఇక్కడ తల్లిదండ్రులు చేసే పొరపాటు ఒకటుంది, ఇంత చిన్న స్టైపెండ్‌కి విశాఖపట్నమో హైదరాబాదో ఎందుకు, ఇక్కడే కాంట్రాక్టర్ దగ్గర రోజుకి ఇంతొస్తంది కదా అని ఆపేస్తారు. ఆపొద్దు.

మిగతా కోర్సులు కూడా అడిగారు కాబట్టి చెప్తా, అన్నీ ఒకే కాలేజీలో ఉండవు, ఒక్కో చోట రెండు మూడు ఉంటాయి. ఇంజినీరింగ్ వైపు ఈటీ కాక ఆటోమొబైల్, కన్‌స్ట్రక్షన్ టెక్నాలజీ, కంప్యూటర్ సైన్స్ ఉంటాయి. వ్యవసాయం వైపు క్రాప్ ప్రొడక్షన్, పశువులూ డైరీ, ఫిషరీస్, సెరికల్చర్. కామర్స్ వైపు అకౌంటింగ్ అండ్ టాక్సేషన్, ఆఫీస్ అసిస్టెంట్‌షిప్. హోమ్‌సైన్స్ వైపు బట్టల డిజైనింగ్, ప్రీస్కూల్ టీచర్ ట్రైనింగ్. ఇంకా టూరిజం లాంటివి.

వీటన్నిట్లో డిమాండు ఎక్కువ ఉన్నది వైద్యం వైపు కోర్సులకి, ముఖ్యంగా ఎంఎల్‌టీ అంటే మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్, ఎంపీహెచ్‌డబ్ల్యూ అంటే ఏఎన్ఎం పనికి సంబంధించింది. వీటి దగ్గర నేను పైన చెప్పిన మూడో ఏడాది మాట ఇంకా గట్టిగా పట్టుకోవాలి. గవర్నమెంట్ ల్యాబ్ టెక్నీషియన్ నోటిఫికేషన్లలో ఇంటర్ ఒకేషనల్ ఎంఎల్‌టీ వాళ్ళని తీసుకుంటారు గానీ ఒక ఏడాది హాస్పిటల్లో అప్రెంటిస్‌షిప్ చేసి ఉండాలి, పారా మెడికల్ బోర్డులో రిజిస్టర్ అయి ఉండాలి అంటారు. ఏఎన్ఎం పోస్టుకి అలాగే క్లినికల్ ట్రైనింగ్, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్. మా కాలేజీలో ఎంఎల్‌టీ చదివిన ఒకమ్మాయి, తండ్రి కూలి పనికి వెళ్ళేవాడు, రెండేళ్ళవగానే ప్రైవేటు ల్యాబులో జీతానికి చేరతానంది, వాళ్ళ మేడమ్ పట్టుబట్టి జిల్లా ఆస్పత్రిలో ఏడాది అప్రెంటిస్ చేయించారు. తర్వాత నోటిఫికేషన్ పడినప్పుడు ఆ కాగితమే ఆ పిల్లని లోపలికి పంపింది. ఆ మేడమ్ పట్టుబట్టకపోతే ఆ ఇంటి సంగతి వేరేలా ఉండేది.

హైస్కూల్లోనే ఒకేషనల్ అనేది ఇప్పుడు వేరేగా ఉంది, సమగ్ర శిక్ష కింద కొన్ని ప్రభుత్వ హైస్కూళ్ళలో తొమ్మిది, పది తరగతుల్లో ఐటీ, రిటైల్, హెల్త్‌కేర్, ఆటోమోటివ్, అగ్రికల్చర్ లాంటివి చెప్తున్నారు. అది పరిచయం స్థాయి. బాబు స్కూల్లో అలాంటిది ఉండి సర్టిఫికెట్ వచ్చి ఉంటే దాచిపెట్టండి, ఇంటర్ ఒకేషనల్ మాత్రం వేరే చదువు.

ఇక కాలేజీ ఎలా చూసుకోవాలి. ఇది మీరు అడగలేదు గానీ నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే, కోర్సు పేరు ఒకటే అయినా కాలేజీకీ కాలేజీకీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉంటది. ప్రాక్టికల్స్‌కి, ఓజేటీకి కలిపి సగం మార్కులు అన్నాను కదా, ఆ మార్కులు పని చేయించి వేసే కాలేజీ ఉంది, ఉట్టినే వేసేసే కాలేజీ కూడా ఉంది. నాకు తెలిసిన ఒక ప్రైవేటు కాలేజీ నుంచి 1000కి 950 పైన తెచ్చుకున్న పిల్లోడు అప్రెంటిస్ ఇంటర్వ్యూలో స్టార్టర్ ముందు నిలబెడితే కరెంటు పోతే మోటారుని ఆపే నో వోల్ట్ కాయిల్ ఏదో చూపించలేకపోయాడు. తప్పు ఆ పిల్లోడిది కాదు, రెండేళ్ళలో వాడికి స్టార్టర్ తెరిచి చూపించిన మనిషి లేడు. అందుకని మార్కుల శాతాలు, ఫ్లెక్సీలు చూడొద్దు.

మీరు బాబుని తీసుకుని మామూలు పని రోజున, ముందు చెప్పకుండా కాలేజీకి వెళ్ళండి. ల్యాబు తాళం తీసి ఉందా లేదా చూడండి. టేబుళ్ళ మీద స్క్రూడ్రైవర్ గీతలు, కాలిన మచ్చలు, తెగిన వైరు ముక్కలు ఉంటే అక్కడ పని జరుగుతంది అని అర్థం. పరికరాలు ప్యాకింగ్‌తోనే బీరువాలో ఉంటే జరగట్లేదు అని అర్థం. ఎలక్ట్రికల్ లెక్చరర్ ఉన్నారా, ఉంటే పర్మనెంటా కాంట్రాక్టా గెస్టా అడగండి. కాంట్రాక్టు అయినంత మాత్రాన తక్కువ అని కాదు, నేను చూసిన మంచి ఒకేషనల్ మాస్టార్లలో చాలామంది ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీదే చేశారు, ఆ జీతం మీద అంత శ్రద్ధగా చెప్పటం నాకు ఇప్పటికీ గౌరవం. కానీ గెస్టు లెక్చరర్‌ని ఏడాది మధ్యలో పెడితే మొదటి మూడు నాలుగు నెలలు క్లాసు ఉండదు, అది మీకు ముందే తెలియాలి. ఓజేటీకి ఎక్కడికి పంపిస్తారో అడగండి. సబ్‌స్టేషనో, రైస్ మిల్లో, రివైండింగ్ షాపో, స్పిన్నింగ్ మిల్లో అని ఊరు పేరుతో సహా చెప్తే నమ్మండి. పోయిన బ్యాచ్ పిల్లలు ఇద్దరి ఫోన్ నంబర్లు అడిగి వాళ్ళతో మాట్లాడండి, వాళ్ళు నిజం చెప్తారు.

ఖర్చు సంగతి, గవర్నమెంట్ కాలేజీలో ఫీజు భారం అంటూ ఏం ఉండదు. బస్సు పాసు, రికార్డు పుస్తకాలు, ఒక టెస్టరు, కట్టింగ్ ప్లయరు, మల్టీమీటరు. మల్టీమీటరు మాత్రం సొంతానిది కొనివ్వండి, కాలేజీది పదిమంది చేతుల్లో ఉంటది. ఇంకో సంగతి, ఆ వయసులో రెండు నెలలు ల్యాబులో ఉండగానే పిల్లలకి ధైర్యం ఎక్కువైపోద్ది, ఊళ్ళో ఎవరో ఫ్యూజు పోయిందంటే స్తంభం దగ్గరికి వెళ్ళిపోతారు. ఆ పని డిస్కం మనుషులది, ఎల్‌సీ తీసుకుని అంటే లైన్ క్లియర్ తీసుకుని, లైనులో కరెంటు ఆపించి చేసేది. నేను ఫస్ట్ క్లాసులోనే పిల్లలకి ఇది చెప్పి, తల్లిదండ్రుల మీటింగులో మళ్ళీ చెప్పేవాణ్ణి. మీరు కూడా ఊళ్ళో వాళ్ళకి గట్టిగా చెప్పండి, మా వాణ్ణి స్తంభం ఎక్కమని పిలవొద్దు అని.

సొంత పని పెట్టుకునే దారి కూడా ఉంది. నా పాత విద్యార్థి ఒకడు మండల కేంద్రంలో రివైండింగ్ షాపు పెట్టాడు, సబ్‌మెర్సిబుల్ మోటార్లే ఎక్కువ. సీజన్‌లో నిద్రపోయే టైము ఉండదు, వానాకాలంలో పని పలచబడతది, అప్పుడు హౌస్ వైరింగ్ కాంట్రాక్టులు చూసుకుంటాడు. ఇప్పుడు మన కాలేజీ నుంచి ఓజేటీకి వచ్చే పిల్లల్ని తన షాపులో పెట్టుకుంటాడు. అయితే వాడు కూడా షాపు పెట్టే ముందు గుంటూరులో ఒక పెద్ద షాపులో కొన్నాళ్ళు చేశాడు, కాలేజీ నుంచి నేరుగా షాపు పెడితే రాగి తీగ ధరలకీ, అప్పుకిచ్చే రైతులకీ మధ్య నలిగిపోతారు.

అడ్మిషన్‌కి ఎంట్రన్స్ ఏమీ లేదు, పది మార్కుల మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు పట్టుకుని బోర్డు షెడ్యూలు ప్రకారం కాలేజీకి వెళ్తే చాలు. ఈటీలో సీట్లు ఎక్కువ ఉండవు కాబట్టి మొదటి విడతలోనే వెళ్ళండి. చేరే ముందు బాబు పేరూ, మీ పేరూ, పుట్టిన తేదీ పది మెమోలో, ఆధార్‌లో ఒకేలా ఉన్నాయో లేదో చూసి తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి, నాట్స్ పోర్టల్‌లో నమోదు చేసుకునేటప్పుడు ఈ స్పెల్లింగుల దగ్గరే మా పిల్లలు ఎక్కువగా ఇరుక్కునేవాళ్ళు. కాలేజీ చూసొచ్చాక ల్యాబు ఎలా ఉందో, బ్రిడ్జ్ క్లాసులు ఎప్పుడు పెడతామన్నారో ఇక్కడే రాయండి, దాన్నిబట్టి చేర్పించాలో ఇంకో కాలేజీ చూసుకోవాలో చెప్తా.